స్వచ్ఛమైన సిమెంటు కోసం ఒక విన్నపం

ఈ ఇంజనీర్లకి కాంక్రీటులో బూడిద కలపాలని ఒకటే పట్టుదల. థర్మల్ ప్లాంటు బూడిద, రైసుమిల్లు ఊక బూడిద, ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్... మనం పారేసేది ఏదైనా వాళ్ల కంటికి సిమెంటులాగే కనిపిస్తుంది. అప్పుచేసి ఇల్లు కట్టుకునే గృహస్థుల తరఫున దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

మన ఆచారం స్పష్టం. నుదుటికి విభూతి, స్లాబుకి బూడిద కలవని 53 గ్రేడ్ సిమెంటు. "బూడిద సిమెంటు వద్దండీ, ఒరిజినల్ ఇవ్వండి" అని కొట్లో గట్టిగా చెప్పి, దించిన బస్తాలు లెక్కపెట్టుకుని వస్తాం. బస్తా మీద పీపీసీ అని ఉంటుంది. చదివే అలవాటు మనకి లేదు. థర్మల్ ప్లాంటు బూడిద (ఫ్లైయాష్)తో చేసే ఈ పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఆ బూడిదే ఉంటుంది. గృహప్రవేశం భోజనాలు అయ్యాక ఇలాంటివి చెప్పి మనశ్శాంతి చెడగొట్టడం మర్యాద కాదు.

బూడిద ఉండాల్సిన చోటు గాలి. థర్మల్ ప్లాంట్లున్న ఇబ్రహీంపట్నం, పాల్వంచ వైపు ఎవరినడిగినా చెబుతారు. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే మరి. దాన్నంతా వాడెయ్యాలని కేంద్రం 1999 నుంచి నోటిఫికేషన్లు ఇస్తూనే ఉంది. గడువులు మారుతున్నాయి, ప్లాంట్లు నింపిన బూడిద చెరువుల్లో బూడిద మాత్రం కదలదు, ఎండాకాలం ఈదురుగాలి వస్తే తప్ప. డబ్బులిచ్చి బస్తాలో కొనమంటే కల్తీ అంటాం. ఉచితంగా కంట్లో పడితే నలుసనుకుని తుడుచుకుంటాం.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుందట. బూడిదలోని సిలికా దాన్ని పట్టుకుని మళ్లీ బంధకంగా మారుస్తుందట, కాంక్రీటులో సన్నని రంధ్రాలు పూడి, సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుము త్వరగా తుప్పు పట్టదట. బాగానే ఉంది. కానీ బూడిద సిమెంటుకి బలం నిదానంగా వస్తుంది, కనీసం 10 రోజులు నీళ్లు పెట్టాలి. మామూలు సిమెంటుకి చెప్పిన 7 రోజులే మనం పెట్టం. మూడో రోజుకి మేస్త్రి ఫోనెత్తడు. సెంట్రింగ్ అద్దె రోజురోజుకీ పెరుగుతుంటే సిలికా ఎప్పుడు మేల్కొంటుందా అని కూర్చోమంటే ఎలా? (ఈ ఒక్క బాధ మాత్రం నిజమే.) స్లాబు చెమ్మ దిగితే నేరం మళ్లీ బూడిదదే.

ఊక బూడిదకి 2000 నాటి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) లోనే చోటుంది. అయితే ఊకని 700 డిగ్రీలు దాటకుండా, బొగ్గు మిగలకుండా కాల్చాలి. మిల్లు బాయిలరు వడ్లు ఉడకబెట్టడానికి పుట్టింది, కాంక్రీటు గురించి దానికెవరూ చెప్పలేదు. అందుకే నల్లటి బూడిద రోడ్డు వారన పోగవుతోంది.

పరిశోధనకి మాత్రం లోటు లేదు. ఎంటెక్ పిల్లలు ఊక బూడిద 10 శాతం కలిపి, 15 శాతం కలిపి, కొబ్బరి చిప్పలు కూడా వేసి బలం పరీక్షకి కాంక్రీటు క్యూబులు పోస్తున్నారు. 28 రోజులు నీళ్లలో నానబెట్టి, మిషన్లో పెట్టి పగలగొట్టి, ముక్కలు తీసుకెళ్లి ల్యాబు వెనక గుట్టపోస్తున్నారు. ఆ గుట్టని ఏం చేయాలన్నది వచ్చే బ్యాచ్‌కి టాపిక్.