సవరణ: జంతుహింసకూ గృహహింసకూ ఉన్న సంబంధం

ఇదివరకటి వ్యాసంలోని "నేడు జంతువును హింసించినవాడు రేపు మనిషిని హింసిస్తాడు" అనే వాక్యానికి బదులుగా ఈ వివరణను చదవవలసిందిగా మనవి.

ఈ రెండింటికీ సంబంధం ఉన్నమాట నిజమే కాని, అది వరుసగా మెట్లెక్కినట్టు సాగదు. సామాజిక శాస్త్రవేత్త ఆర్నాల్డ్ అర్లూక్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో జంతుహింసకు పాల్పడిన 153 మందిని వారి ఇరుగుపొరుగువారితో పోల్చి చూడగా, మొదటివారిలో హింసాత్మక నేరాలు చాలా ఎక్కువగా కనిపించాయి; అయితే జంతుహింస ఆ నేరాలకు ముందే జరిగిందనడానికి ఆధారం దొరకలేదు. కాబట్టి దాన్ని భవిష్యత్తు గురించిన జోస్యంగా కాక, ఆ ఇంట్లో ఇప్పటికే ఎవరో దెబ్బలు తింటూ ఉండవచ్చుననే హెచ్చరికగా తీసుకోవాలి.

ఆ వ్యాసం ప్రస్తావించని మరొక విషయం నాకు ఇంతకంటే ముఖ్యమనిపిస్తోంది. భార్య ప్రాణంగా చూసుకునే కుక్కను ఆమె కళ్లెదుటే తన్ని, "నువ్వు గడప దాటావంటే ఇది బతకదు" అనే భర్త కోపం కుక్క మీద కాదు. ఆమెను కదలనివ్వకుండా కట్టిపడేయడానికే అతడు ఆ మూగజీవిని వాడుకుంటున్నాడు. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఆసియోన్ 1998లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే అయినా, అమెరికాలోని యూటా రాష్ట్రంలో గృహహింస బాధితుల ఆశ్రయ కేంద్రానికి చేరిన 38 మంది మహిళల్లో పెంపుడు జంతువులున్నవారిలో 71 శాతం మంది, తమ భాగస్వామి వాటిని బెదిరింపుకు వాడుకున్నాడనో, గాయపరిచాడనో, చంపాడనో చెప్పారు. వాటిని వదిలి రాలేక ఇల్లు విడవడం వాయిదా వేసినవారూ వారిలో ఉన్నారు.

పిల్లిపిల్లను గిలగిలలాడించే పసివాణ్ణి కాబోయే నేరస్థుడని ముద్ర వేయడం కూడా తగదు. వాడు ఇంట్లో ఏం చూస్తున్నాడో ముందుగా ఆరా తీయాలి.