కుందేలుకు నాలుగో కాలు

నేను బాగా వాదిస్తానన్నది మా బంధువులంతా ఒప్పుకున్న విషయం. నాకు పదేళ్లప్పుడే మా మేనమామ "వీడితో వాదించి గెలవలేం, వీణ్ని లాయర్‌ని చెయ్యండి" అన్నాడు. ఇంట్లోవాళ్లు ఇంజనీర్‌ని చేశారు, అది వేరే కథ. నలభై నాలుగేళ్లొచ్చాక, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు మామయ్య మాట గుర్తొచ్చింది. లాయర్లు బాగా వాదిస్తారు. నేను బాగా వాదిస్తాను. కాబట్టి నేను లాయర్‌ని. మధ్యలో అడ్డమున్నది ఒక్క లా స్కూలు, దాని గుమ్మంలో ఎల్‌శాట్ అనే పరీక్ష.

ఈ వ్యాసం ఆ పరీక్ష మీద, అందులోనూ లాజికల్ రీజనింగ్ అనే విభాగం మీద నా ఫిర్యాదు. మార్కులు తక్కువొచ్చినవాడు పరీక్ష బాలేదంటే లోకం నవ్వుతుందని నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను: నాకు మంచి మార్కులొచ్చినా ఇదే వ్యాసం రాసేవాణ్ని. రాసేవాణ్ని కాదని ఎవరూ నిరూపించలేరు. నిరూపించలేరు కాబట్టి రాసేవాణ్ననే అర్థం.

పై రెండు పేరాల పక్కన మా అమ్మాయి పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టింది. అది కాలేజీ మూడో ఏడు, అదీ ఇదే పరీక్షకు చదువుతోంది. ఈ వ్యాసం మొత్తం మీద అలాంటి గుర్తులు పదకొండున్నాయి. అన్నిటినీ రబ్బరుతో చెరిపేసి పంపుతున్నాను.

1948 నుంచీ ఈ పరీక్ష పెడుతున్నారు. ఇన్నేళ్లలో వాళ్లు కనిపెట్టిన హింసాపద్ధతి చూడండి. ముందు చిన్న పేరా ఇస్తారు. అందులో ఎవరో మేయరో, ఎడిటరో, సైంటిస్టో ఏదో వాదిస్తాడు. మామూలుగా చదివితే ఆ వాదన బాగానే ఉంటుంది. అసలు నాకు అన్నీ బాగానే ఉంటాయి, అదే నా జబ్బంటుంది మా అమ్మాయి. కింద ప్రశ్న: ఈ వాదనలో లోపం ఏమిటి? లేదా, ఇది దేన్ని చెప్పకుండా అనేసుకుంటోంది? దీన్ని బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది? ఐదు ఆప్షన్లు. 35 నిమిషాల్లో ఇలాంటివి పాతిక దాకా. అంటే ప్రశ్నకు నిమిషంన్నర కూడా లేదు. మా ఇంట్లో ఏసీ ఇరవై నాలుగులో ఉండాలా ఇరవై ఆరులోనా అన్న వాదన పన్నెండేళ్లుగా నడుస్తోంది, ఇంకా ముగియలేదు.

అమ్మాయి నా కోసం తయారుచేసిన ప్రశ్న ఒకటి చెబుతాను. మేయర్ అంటాడు: "మన ఊరి లైబ్రరీని రాత్రి పది దాకా తెరిచి ఉంచుతున్నాం. అది మొదలుపెట్టిన ఏడాదే ఊళ్లో దొంగతనాలు తగ్గాయి. కాబట్టి లైబ్రరీ వల్లే దొంగతనాలు తగ్గాయి." కింది వాటిలో ఏది నిజమైతే ఈ వాదన అన్నిటికంటే ఎక్కువగా బలహీనపడుతుంది? ఎ, లైబ్రరీలో పుస్తకాలు కూడా పోతుంటాయి. బి, లైబ్రరీ వేళలు మార్చని చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆ ఏడాది దొంగతనాలు అంతే తగ్గాయి. సి, ఆ లైబ్రేరియన్ మేయర్‌గారి తమ్ముడు. డి, రాత్రిపూట వచ్చేవాళ్లలో విద్యార్థులే ఎక్కువ. ఇ, వేళలు ఇంకా పెంచాలని కొందరు అడుగుతున్నారు.

నేను క్షణం ఆలస్యం చేయకుండా సి పెట్టాను. తమ్ముడికి ఉద్యోగమిచ్చినవాడి మాట ఎవడు నమ్ముతాడు? జవాబు బి అట. మనిషిని కాదు, వాదనను కొట్టాలట. ఎదురుగా మనిషి అంత స్పష్టంగా కనపడుతుంటే వదిలేసి, కంటికి కనపడని వాదన మీద పడటం మా వంశంలో లేదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకే రాల్చిందనుకోకూడదని, దానికి కాకతాళీయమని పేరుపెట్టి మరీ మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. కాకి వాలని చెట్ల కింద కూడా పళ్లు రాలాయేమో వెళ్లి చూసుకోవాలి, అదే ఆ బి. ఇదంతా నాకు తెలియదా? తెలుసు. తమ్ముడు కనపడగానే కాకి కనపడలేదు, అంతే.

నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం ఆ "నిజమైతే" అన్న ముక్క. ఆప్షన్‌లో ఏముంటే అది నిజమని ఒప్పేసుకోవాలట. చుట్టుపక్కల ఊళ్లలో దొంగతనాలు తగ్గాయంటే తగ్గినట్టే. ఎవరు లెక్కపెట్టారు, ఏ పోలీస్ స్టేషన్ లెక్క అని అడగకూడదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడని ఇన్నాళ్లూ ఒకణ్ని చూసి నవ్వుకున్నాం కదా, ఎల్‌శాట్‌లో వాడికే మార్కు. ఎద్దు ఎలా ఈనుతుందండీ అని అడిగిన నాలాంటివాడికి సున్నా. పోనీ అన్నీ నమ్మేద్దామంటే అదీ కుదరదు. వాదనలో మేయర్ చెప్పిన సంగతులు నమ్మాలి, ఆ సంగతుల నుంచి అతను తేల్చిన ముగింపును మాత్రం నమ్మకూడదు. ఒకే మనిషిని సగం నమ్మి సగం నమ్మకుండా ఉండటం నాకు నా పెళ్లినాటి నుంచీ అలవాటే గానీ, ఇక్కడ ఏ సగమో తేల్చుకునేలోపు టైమైపోతుంది.

ఇక మాటలకు వాళ్లు పెట్టిన అర్థాలు. "కొందరు" అంటే కనీసం ఒక్కరని అర్థం, అందరూ అయినా కావచ్చు. "ఎక్కువమంది" అంటే సగం దాటితే చాలు, అందులోనూ అందరూ ఉండొచ్చు. చదివింది బుర్రకెక్కాలంటే నిత్యజీవితంలో వాడాలని ఎవరో అన్నారు. వాడాను. భోజనాల దగ్గర మా ఆవిడతో "మీ పుట్టింటివాళ్లలో కొందరు తెలివైనవాళ్లు" అన్నాను. తర్కం ప్రకారం ఇది ఎవర్నీ తీసేసిన మాట కాదు, అందరూ తెలివైనవాళ్లే అయినా ఈ వాక్యం నిజమే. ఆవిడకు ఇదంతా వివరించాను. రెండు రోజులు మౌనం. మౌనాన్ని బట్టి ఏ నిర్ణయానికీ రాకూడదని కూడా ఈ పరీక్షే చెబుతుంది. నేను వచ్చాను. ఆ ఒక్కటి కరెక్టయింది.

షరతుల సంగతి ఇంకా ఘోరం. మావాడికి తొమ్మిదేళ్లు. "గది సర్దకపోతే గేమ్ లేదు" అని చెప్పాను. పాపం సర్దాడు. పక్కబట్టలు మడతపెట్టాడు, మంచం కింద సాక్సులు కూడా తీశాడు. వచ్చి చెయ్యి చాపాడు.

"లేదు" అన్నాను.

"సర్దాను కదా నాన్నా!"

"సర్దకపోతే లేదన్నాను. సర్దితే ఉందని అన్నానా? సర్దడం అవసరమైన షరతే గానీ, సరిపోయే షరతు కాదు."

ఇందులో నా తప్పు వీసమెత్తు కూడా లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటే, పొగ ఉన్నచోట నిప్పు ఉందని అర్థం. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండాలని కాదు. ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపించి మన నైయాయికులు, అంటే పాతకాలపు తర్కశాస్త్ర పండితులు, ఎప్పుడో తేల్చేశారు, దానిలో నిప్పుంది, పొగ లేదు. నేను ఇనుప గుండు దాకా వచ్చేసరికి మావాడు వాళ్లమ్మ దగ్గర అప్పీలు చేసుకున్నాడు. ఆ కోర్టులో వాదనలు వినరు, తీర్పుకు కారణాలు రాయరు. "ఏమండీ, వాడికి ఆ టాబ్ ఇచ్చెయ్యండి" అని వంటింట్లోంచి ఒక్క వాక్యం వచ్చింది. ఇచ్చాను. పరీక్షలో ఇలాంటి ప్రశ్న మూడొచ్చాయి, మూడింట్లోనూ పొగను నిప్పు చేశాను. ఇంట్లో అంత కచ్చితంగా చెప్పినవాణ్ని అక్కడ ఎలా తప్పానో నాకే అర్థం కాలేదు. ఇంట్లో నాకు ఏ జవాబు కావాలో ముందే తెలుసు కాబట్టి, అంటుంది అమ్మాయి.

చరిత్ర నాకు చేసిన అన్యాయం కూడా ఒకటుంది. ఇదే పరీక్షలో లాజిక్ గేమ్స్ అని ఒక విభాగం ఉండేది. ఏడుగురు అతిథులు, ఏడు కుర్చీలు. ఫలానా ఆయన ఫలానా ఆవిడ పక్కన కూర్చోడు, మూడో కుర్చీలో పొడుగాయన ఉంటే ఐదో దాంట్లో డాక్టర్ ఉండకూడదు. దీనికి నన్ను మించినవాడు లేడు. మా చెల్లెలి పెళ్లిలో పరస్పరం మాటల్లేని ముగ్గురు బాబాయిల్ని ఒకరికొకరు కనపడకుండా భోజనాలకు కూర్చోబెట్టినవాణ్ని. గళ్లు గీసుకుని ఆరు నెలలు సాధన చేశాను. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్ని ఎత్తేశారు. బొమ్మలు గీసుకుంటే తప్ప తేలని లెక్కలు చూపులేని అభ్యర్థులకు ఎలా కుదురుతాయని కేసు నడిచింది, 2019లో రాజీ కుదిరింది, ఆ మాట ప్రకారం తీసేశారు. న్యాయమే, కాదనను. అయితే ఆ ఖాళీలో ఏం పెట్టారో తెలుసా? ఇంకో లాజికల్ రీజనింగ్! ఒక్క మేయర్‌నే తట్టుకోలేనివాడికి ఇద్దరు మేయర్లు.

వీటికి తోడు మొత్తం నాలుగు విభాగాల్లో ఒకటి లెక్కలోకి రానే రాదు. ముందు ముందు వాడబోయే ప్రశ్నల్ని మన మీద పరీక్షిస్తారు. అది ఏదో చెప్పరు. పరీక్ష అయ్యాక నేను తేలిగ్గా కనిపెట్టేశాను: నాకు అన్నిటికంటే కష్టంగా వచ్చిందే అది. అంత కష్టమైనదాన్ని లెక్కలోకి తీసుకోరు, తీసుకోరు కాబట్టే అంత కష్టంగా ఇచ్చారు. ఈ ధైర్యంతో ఫలితాలొచ్చేదాకా హాయిగా నిద్రపోయాను.

147 వచ్చింది.

మామయ్యకు ఫోన్ చేశాను. "ఎంతకిరా?" అన్నాడు. 180కి అన్నాను. అవతల కాసేపు లెక్క వేసుకున్నాడు. "అంటే ఎనభై రెండు శాతం దాకా! డిస్టింక్షనేరా! నేనప్పుడే చెప్పలా?" ఎల్‌శాట్‌లో స్కోరు 120 నుంచి మొదలవుతుందనీ, ఒక్క జవాబు కూడా కరెక్ట్ కాకపోయినా ఆ 120 ఎక్కడికీ పోదనీ, నేను సంపాదించుకున్నది పై 60లో 27 మాత్రమేననీ, రాసినవాళ్లలో సగానికి పైగా నాకంటే ముందున్నారనీ ఆయనకు చెప్పాల్సింది. కానీ ఆయన అడిగింది ఎంతకని మాత్రమే. అడిగినదానికి నిజమే చెప్పాను. సాయంత్రానికి మా చుట్టాల్లో ఎక్కువమందికి, అంటే ఈసారి అందరికీ, డిస్టింక్షన్ సంగతి తెలిసిపోయింది.

ఇప్పుడు మళ్లీ రాయబోతున్నాను. జీవితం మొత్తం మీద ఏడుసార్లు రాయనిస్తారు, ఐదేళ్లలో ఐదుకు మించకూడదు. నాది రెండైంది. మొదటిసారి 145, రెండోసారి 147. దీన్నిబట్టి రాసిన ప్రతిసారీ రెండు మార్కులు పెరుగుతాయని స్పష్టంగా రుజువైంది. మూడోసారికి 149, నాలుగోసారికి 151, అలా ఏడోసారికి 157. ఆ పరీక్షే వందసార్లు రాయనిస్తే 180 కూడా దాటిపోతాను, అందుకే భయపడి ఏడుకు ఆపారు.

ఈ లెక్క నిన్న రాత్రి అమ్మాయికి చూపించాను. నా మొహంలోకి కాసేపు చూసింది. ఏమీ అనకుండా కాగితం తిప్పి, వెనక "నాన్న వాదనలోని లోపం ఏమిటి?" అని రాసి, కింద ఐదు ఆప్షన్లు వేసి, పడుకోవడానికి వెళ్లిపోయింది.

మూడింటిని కొట్టేశాను. ఆ మాత్రం నాకు వచ్చు. రెండు మిగిలాయి. బి, ఒకసారి జరిగింది కాబట్టి ఎప్పుడూ అలాగే జరుగుతుందని అనుకోవడం. డి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ముందే నిర్ణయించుకుని, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టడం.

ముందు బి పెట్టాను. తర్వాత కొట్టేసి డి పెట్టాను. ఇప్పుడు తెల్లవారుతోంది, మళ్లీ బి వైపు లాగుతోంది. ఒక్కటే కరెక్టట. రెండూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉన్నాయి.