సవరణ: గాడ్‌మోడింగ్ వేరు, మెటాగేమింగ్ వేరు

కొత్తగా టెక్స్ట్ రోల్‌ప్లే (ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, ఆన్‌లైన్‌లో వంతులవారీగా రాస్తూ కథ నడిపే ఆట) మొదలుపెట్టేవాళ్ల కోసం మొన్న నేను రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. ఎదుటివాళ్ల పాత్ర దాచుకున్న రహస్యం మన పాత్రకు ముందే తెలిసినట్టు రాస్తే అది ‘గాడ్‌మోడింగ్’ అన్నాను. కాదు, దాన్ని ‘మెటాగేమింగ్’ అంటారు. చాలా ఏళ్లుగా ఆడుతున్న ఒకావిడ చెప్పారు. నేనుండే గ్రూపుల నియమాలు మళ్లీ తీసి చూస్తే అక్కడా అలాగే ఉంది. రెండు మాటలూ కలిపేసింది నేనే.

గాడ్‌మోడింగ్ అంటే ఎదుటివాళ్ల పాత్రకు ఏం జరగాలో కూడా మనమే తేల్చేయడం. “వీరయ్య కత్తి విసిరాడు, అది రంగడి భుజంలో దిగింది” అని రాస్తే రంగణ్ణి ఆడుతున్న మనిషికి ఇక చేయడానికేం మిగలదు. “రంగడి భుజానికి గురిపెట్టి కత్తి విసిరాడు” అని ఆపేయాలి. తప్పుకుంటాడా, దెబ్బ తింటాడా అన్నది వాళ్లిష్టం. అదే రంగడు మనసులో అనుకున్న మాటను మీరు చదివారు కదా అని వీరయ్య దానికి జవాబిచ్చేస్తే, అది మెటాగేమింగ్. కొత్తలో నేనూ ఇది తెగ చేసేవాణ్ణి.

ఇంకొకటి. ఈ ఆటలకు మూలం 1989 నాటి టైనీమడ్ అనే ఆన్‌లైన్ టెక్స్ట్ ఆట అని రాశాను. అంతకు చాలా ముందే, 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా ‘మడ్’ అనే, చాలామంది కలిసి ఆడే టెక్స్ట్ ఆటను మొదలుపెట్టాడు. పాత పోస్టులో రెండూ సరిచేశాను.