ఆరంభశూరుడైన మోటారు

కళింగపట్నం ఒడ్డున మా చిన్నాన్న తెప్పకున్న టూస్ట్రోక్ మోటారు జపాన్‌లో పుట్టింది. కంపెనీ పేరు ఉప్పుగాలికి ఏనాడో చెరిగిపోయింది. దాదాపు ముప్పై ఏళ్లుగా వంశధార సముద్రంలో కలిసేచోటే బతుకుతోంది కాబట్టి దాని స్థానికతను ఎవరూ శంకించకూడదని నా మనవి. రుజువు కావాలంటే నడవడిక చూడండి. తాడు రెండుసార్లు లాగితే చాలు, లైట్‌హౌస్ దాకా వినపడేలా గర్జిస్తుంది. ఐదు నిమిషాల తర్వాత గొంతు మారుతుంది, రెండుసార్లు దగ్గుతుంది, ఆగిపోతుంది. ఆంధ్రులు ఆరంభశూరులని పెద్దలు ఊరికే అన్నారా?

దీన్ని రిపేరు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కొబ్బరికాయ కొట్టినవాడికి శాలువా కప్పి, పని పూర్తిచేసినవాడి పేరు అడగని మనుషుల మధ్య పెరిగిన యంత్రం ఇంకెలా ఉంటుంది? పైగా ఇందులో చట్టపరమైన చిక్కొకటి ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లకు వేట నిషేధం, మోటారు లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు. ఐదు నిమిషాలే మోటారున్న తెప్ప ఏ కోవలోకి వస్తుందో అధికారులు తేల్చి చెప్పాలి.

మొన్న తెల్లారగట్ల అది మూడోసారి ఆగేసరికి ఒడ్డున కమిటీ తయారైంది. అధ్యక్షుడు గుజరాత్‌లోని వెరావల్‌లో పదేళ్లు బోటెక్కి వచ్చినవాడు. "మా వెరావల్‌లో అయితేనా" అని మొదలుపెట్టకుండా ఆయన ఏ వాక్యమూ చెప్పడు. ముందు పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పించాడు. అడుగున తేనెరంగు జిగురు ఉన్నమాట నిజమే. పాత పెట్రోలు ఎండితే అలాగే పట్టేస్తుంది. జెట్ అంటే పెట్రోలు చిమ్మే సన్న కన్నం, దాన్ని గాలికొట్టి శుభ్రం చెయ్యాలి. ఆయన చీపురుపుల్ల పెట్టి పొడిచాడు.

రిటైరైన మాస్టారు తప్పంతా పెట్రోలుదేనన్నారు. ఇప్పుడు అందులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోందని, అది నీటిని పీలుస్తుందని, పాత రబ్బరు పైపుల్ని తినేస్తుందని పాఠం చెప్పారు. ఇది తప్పు పాఠం కాదు, వేరే రోజు పాఠం. ఇంకొకాయన నిప్పురవ్వ పుట్టించే కాయిల్ వేడెక్కుతోందన్నాడు. మరొకాయన లీటరు పెట్రోలుకు ఇరవై మిల్లీలీటర్ల ఆయిల్ ఏం చాలుతుందని ఇంకో మూతెడు పోశాడు. తర్వాత వచ్చిన పొగకు కమిటీ కాసేపు ఒకరికొకరు కనపడలేదు.

ఈలోగా పెట్టెలో ఐస్ కరిగిపోతోంది. 1909లో అమెరికాలో పడవ వెనక తగిలించే ఈ రకం మోటార్లను అమ్మకానికి పెట్టిన ఓలే ఎవిన్‌రూడ్‌కు ఆ ఆలోచనే ఐస్‌క్రీం వల్ల వచ్చిందంటారు. సరస్సు మీద తెడ్డేసుకుంటూ తెచ్చేసరికి కరిగిపోయిందట. ఆయన బాధ తీర్చిన యంత్రమే మా ఐస్ కరిగిస్తోంది.

గంపతో వచ్చి అంతసేపూ కూర్చున్న మా పిన్ని అప్పుడు లేచింది. ట్యాంకు నుంచి మోటారుకు వెళ్లే పైపు మధ్యలో, చేత్తో పిసికి పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డి ఒకటి ఉంటుంది. అది రసం పీల్చేసిన మామిడిపండులా అతుక్కుపోయి ఉంది. దాన్ని వేలితో నొక్కి చూసింది. 

"నూనె డబ్బాకి రెండో కన్నం పెట్టకపోతే నూనె దిగుద్దేటి?" అంది.

ట్యాంకు మూత మీదున్న చిన్న గాలి స్క్రూను తిప్పింది. ట్యాంకు 'సుస్స్' మని గాలి పీల్చుకుంది. బుడ్డి మెల్లగా ఉబ్బి గుండ్రమైంది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. దారి మూసేస్తే లోపల వాక్యూమ్ పట్టి, పంపు ఎంత లాగినా చుక్క రాదు. ఉన్న కాస్త గాలితోనే అది ఐదు నిమిషాలు పోరాడిందన్నమాట.

ఆ స్క్రూ బిగించిందెవరన్న ప్రశ్న కమిటీ ముందుకొచ్చింది. కిందటి వారం శ్రీకాకుళంలో పెట్రోలు పోయించి, ఆటోలో వాసన వస్తోందని డ్రైవరు గొణిగితే, ఓ బాధ్యత గల పౌరుడు దాన్ని గట్టిగా బిగించాడు. ఆయన పేరు ఈ వ్యాసంలో అనవసరం.

మోటారు మళ్లీ అందుకుంది. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి, దగ్గు లేదు. నేనూ చిన్నాన్నా ఒడ్డుకు దూరంగా ఒక చుట్టు తిరిగొచ్చాం. ఒడ్డు దగ్గరపడుతుంటే ఆపే మీట కోసం వెతికాను. అది తుప్పుపట్టి ఊడిపోయింది. ఎటూ వారంగా అదే ఆగిపోతోంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. చిన్నాన్న తొణకలేదు.

"ఆ స్క్రూ బిగించీరా. ఐదు నిమిషాల్లో అదే ఆగిపోద్ది."