117 పక్కన కూర్చున్న 'ఒకటి' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒకటి గారి సముఖమునకు,

అమెరికాలోని అయొవా రాష్ట్రానికి చెందిన మల్లయోధుడు డ్యాన్ గేబుల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా, ఆయన కాలేజీ రికార్డు 117–1 (అంటే నూట పదిహేడు గెలుపులు, ఒక ఓటమి) అని రాసి, 117 గురించి ఒక వాక్యంతో సరిపెట్టి, తమరి గురించి మాత్రం పేజీలకు పేజీలు నింపడం ఆనవాయితీగా వస్తున్నది. కనుక ఈ లేఖ నేరుగా తమరికే రాయడం మర్యాదగా తోచింది. గీతకు ఎడమవైపు ఇరుకిరుగ్గా కూర్చున్న నూట పదిహేడు గెలుపుల్లో ఒక్కదాని తేదీ అయినా చెప్పగలవారు అరుదు. తమరు ఉద్యోగం చేసింది ఒక్క పూట. పింఛను మాత్రం అర్ధశతాబ్దం దాటినా నెలనెలా అందుతూనే ఉన్నది.

తెలుగు ఇళ్లలో పెరిగినవారికి తమరు కొత్తవారేమీ కారు. నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకున్న పిల్లవాణ్ణి చెప్పులైనా విప్పనివ్వకుండా గుమ్మంలోనే నిలబెట్టి, "ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయిందిరా?" అని నిలదీసే తండ్రుల నోట తమరి పేరు వింటూనే మేమంతా పెద్దవాళ్లమయ్యాం. అంతకుముందు ధర్మరాజుగారి దగ్గరా తమరు పనిచేసినట్టు దాఖలాలున్నాయి. ఆయన జీవితమంతా పలికిన నిజాల పట్టిక ఏ పండితుడి దగ్గరా లేదు. రథచక్రాలను నేలకు దింపిన ఆ ఒక్క అబద్ధం మాత్రం చంటిపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

ముందుగా, తమరు రాకముందు జరిగిన సంగతులు తమరికి తెలియజేయడం నా విధి. గేబుల్ 1948లో వాటర్లూ పట్టణంలో పుట్టాడు. అక్కడి వెస్ట్ హైస్కూలు తరఫున 64 కుస్తీలు పట్టి 64 గెలిచాడు. అయొవా స్టేట్ యూనివర్సిటీలో చేరి 1968లోనూ 1969లోనూ జాతీయ చాంపియన్ అయ్యాడు. స్కూలు, కాలేజీ కలిపి వరసగా 181 కుస్తీలు గెలిచిన తర్వాత, 1970 మార్చిలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో తన కాలేజీ జీవితపు ఆఖరి పోటీకి సిద్ధమయ్యాడు. తమరు కాలు పెట్టింది అక్కడే.

తమరికి ఆహ్వానపత్రిక పంపినవారు ఎవరన్నది మాత్రం విచారించదగిన విషయం. ఫైనల్‌కు ముందు, ఒళ్లు వేడెక్కించుకోవలసిన సమయంలో, ఒక టెలివిజన్ సంస్థవారు గేబుల్‌ను కెమెరా ముందు నిలబెట్టి, ఫలానా కార్యక్రమంలో నన్ను చూడండి, 182 గెలుపులతో, ఒక్క ఓటమీ లేకుండా ముగించబోతున్నాను అని అర్థం వచ్చే ప్రకటన చెప్పించారు. కుస్తీలో ఏనాడూ తడబడని మనిషి ఆ నాలుగు మాటల దగ్గర తడబడ్డాడు. మళ్లీ చెప్పమన్నారు, మళ్లీ తడబడ్డాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, జరగని కుస్తీని లెక్కలో జమ కట్టేసి, ఆ లెక్కను కుస్తీ పట్టవలసినవాడి చేతే చదివించారన్నమాట. ఇలాంటి ముందస్తు కూడికలు జరిగే చోటు తమరికి ఎంత దూరానున్నా వాసన తగులుతుందని తర్వాతి చరిత్ర కూడా చెబుతున్నది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక ఆ ఫైనల్లో గేబుల్‌కు ఎదురు నిలిచిన లారీ ఓవింగ్స్ విషయం. తమరి మీద నా అసలు ఫిర్యాదు ఇదే. వాషింగ్టన్ యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతున్న ఈ కుర్రవాడు హైస్కూల్లో ఉండగానే, 1968లో అమెరికా జట్టు ఎంపిక కోసం జరిగిన ఒలింపిక్ ట్రయల్స్‌లో గేబుల్ చేతిలో ఘోరంగా ఓడాడు. గేబుల్ ఉన్న బరువు తరగతిని తప్పించుకోవడమే తెలివి అని లోకమంతా అనుకునే రోజుల్లో, ఇతడు 158 పౌండ్ల తరగతికి పనికొచ్చే ఒంటిని 142కు కరిగించుకుని, గేబుల్ కోసమే వస్తున్నానని పత్రికలవారికి చెప్పి మరీ వచ్చాడు. భయపడకుండా మీదికి వెళ్లాడు. కుస్తీ అటూ ఇటూ ఊగి, చివరి నిమిషంలో ఓవింగ్స్ గేబుల్‌ను పడదోసి, వీపు మ్యాట్‌కు దాదాపు ఆనేంతగా తిప్పి, ఒక్క ఊపులో నాలుగు పాయింట్లు లాక్కున్నాడు. 13–11. అది ఓవింగ్స్ గెలుపు. అతని ఖాతాలో, గీతకు ఎడమవైపున, గౌరవంగా ఉండవలసిన గెలుపు. దాన్ని తమరు గేబుల్ ఓటమిగా పేరు మార్చి, కుడివైపుకు తెచ్చి, సొంత ఆస్తిగా రిజిస్టరు చేయించుకున్నారు. ఓవింగ్స్ ఆ తర్వాత మరో జాతీయ టైటిల్ గెలవలేదు. ఆ ఒక్క పూట అతను చేసిన సాహసం కూడా చివరికి ఓడినవాడి కథలో ఒక మలుపుగా మిగిలిపోయిందంటే ఆ పుణ్యం తమరిదే.

తమరి అభిమానులు చెప్పే కథ నాకు తెలియకపోలేదు. ఆ దెబ్బ తగలబట్టే గేబుల్ మరింత రాక్షసంగా సాధన చేశాడనీ, అందువల్లనే 1971లో సోఫియాలో ప్రపంచ చాంపియన్ అయ్యాడనీ, 1972 ట్రయల్స్‌లో అదే ఓవింగ్స్‌ను 7–1 తేడాతో ఓడించాడనీ, మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 68 కిలోల ఫ్రీస్టైల్ విభాగంలో మోకాలి గాయంతో, తలకు కుట్లతో, ఎదుటివారికి ఒక్క పాయింటైనా ఇవ్వకుండా స్వర్ణం తెచ్చాడనీ అంటారు. ఇందులో వాస్తవాలన్నీ నిజమే, ఆ 'అందువల్లనే' తప్ప. 1964లో, గేబుల్‌కు పదిహేనేళ్ల వయసులో, అతని అక్క సొంత ఇంట్లోనే హత్యకు గురైంది. తల్లిదండ్రులు ఆ ఇంటికి తిరిగి వెళ్లలేని స్థితిలో ఉంటే, వెళ్దామని పట్టుబట్టి, ఆమె గదిలోకి తన సామాను మార్చుకున్నవాడు ఈ కుర్రవాడు. ఆ పట్టుదల అతనికి తమరు నేర్పినది కాదు. తమరు అప్పటికి పుట్టనైనా లేదు. ఈ విషయంలో తమరితో హాస్యమాడటం నాకు ఇష్టం లేదు, ముందుకు పోతాను.

నా వాదనకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఎవరంటే సాక్షాత్తూ గేబుల్‌గారే. తనకు ఆ ఓటమి అవసరమైందనీ, అది తనను మరింత మెరుగైన మల్లయోధుడిగా, కోచ్‌గా చేసిందనీ ఆయన పలుమార్లు చెప్పారు. ఫిర్యాదుదారుడే ముద్దాయి పక్షాన బోనెక్కి సాక్ష్యం చెబితే వకీలు ఏం చేయగలడు? అయినా ఒక మాట మనవి చేసుకుంటాను: అప్పటికే 181 సార్లు గెలవగలిగినంత కష్టపడినవాడికి ఓటమి పాఠం చెబుతుంది. ఆ కష్టం పడనివారి ఇళ్లకు తమరు ఎన్నిసార్లు వచ్చి వెళ్లలేదు? అక్కడ ఎంతమంది ఒలింపిక్ చాంపియన్లను తయారు చేశారు? ఆ లెక్క మాత్రం తమరి అభిమానులు ఎప్పుడూ చూపించరు.

కోచ్‌గా ఆయన చేసిన పని తమరికి బొత్తిగా రుచించి ఉండదు. 1976–77 సీజన్ నుంచి 1997 వరకు అయొవా యూనివర్సిటీ జట్టును నడిపి, 21 ఏళ్లలో 15 జాతీయ టైటిళ్లు గెలిపించారు. బిగ్ టెన్ అనే కాలేజీల క్రీడా సమాఖ్య టైటిల్ అయితే ఏటా, ఒక్క ఏడాదీ తప్పకుండా వచ్చింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న అమెరికా ఫ్రీస్టైల్ జట్టు ఏడు స్వర్ణాలు తెచ్చుకున్నది (సోవియట్ జట్టు బహిష్కరించి రాని పోటీ అది, ఆ మాట చెప్పకుండా ఏడు అనడం న్యాయం కాదు). ఆయన శిష్యుల ఉడుంపట్టు గురించి కాదు, ఊపిరి గురించి ప్రత్యర్థులు భయపడేవారు. కుస్తీ ఆఖరి ఘట్టానికి చేరేసరికి ఎదుటివాడు నడుము మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే, అయొవా కుర్రవాడు అప్పుడే గోదాలోకి దిగినవాడిలా మీదికి నడిచేవాడు. చివరి నిమిషంలో ఓడిన మనిషి చివరి నిమిషాన్ని తన శిష్యుల సొత్తుగా మార్చాడంటే అందులో తమరి చేయి కొంత ఉందని, గొంతు దిగకపోయినా, ఒప్పుకుంటున్నాను.

ముందస్తు కూడికల సంగతి చెబుతానన్నాను కదా. 1978 నుంచి 1986 వరకు అయొవా వరసగా తొమ్మిది టైటిళ్లు గెలిచింది. పదోది ఇంకా చేతికి రాకముందే, 1987లో, కుర్రవాళ్ల పోటీ దుస్తుల మీద రోమన్ అంకె పదిని వేయించారు. తమరికి అంతకన్నా స్పష్టమైన పిలుపు ఏం కావాలి? ఆ ఏడాది టైటిల్‌ను అయొవా స్టేట్, అంటే గేబుల్ స్వయంగా చదివిన కాలేజీయే, ఎగరేసుకుపోయింది. టెలివిజన్ ప్రకటన దగ్గర ఒకసారి, కుట్టిన అంకె దగ్గర మరోసారి. ఇన్ని తెలిసిన గురువుగారికి ఈ ఒక్కటీ ఎందుకు తట్టలేదో నాకు నేటికీ అంతుబట్టదు. 1997లో తుంటి ఎముక మార్పిడి చేయించుకుని చంకకర్రల మీద వచ్చి జట్టును నడిపించిన ఆఖరి సీజన్‌లో మాత్రం అంకెలు కుట్టించిన దాఖలా లేదు. జట్టు 170 పాయింట్లతో అప్పటికి కొత్త రికార్డు పెట్టింది.

చివరిగా ఒక విన్నపం. కోచ్‌గా గేబుల్ లెక్క, జట్టుకూ జట్టుకూ మధ్య జరిగిన పోటీల్లో, 355 గెలుపులు, 21 ఓటములు, 5 డ్రాలు. ఆ 21 మందీ తమరి వంశంవారే, రక్తసంబంధీకులే. వారిని పలకరించేవారు లేరు, వారిని చూసి ఎవరూ పాఠాలు నేర్చుకోలేదు, వారి వార్షికోత్సవాలకు ఏ పత్రికా శీర్షిక పెట్టలేదు. ఇక ఆ ఐదు డ్రాల దుస్థితి చెప్పనలవి కాదు. తమరికి అందుతున్న పింఛనులో తలా కొంత వారికి పంచవలసిందిగానూ, పంచడం ఇష్టం లేని పక్షంలో అసలు హక్కుదారుడైన ఓవింగ్స్ పేరిట మొత్తం బదిలీ చేయవలసిందిగానూ కోరుతున్నాను. సమాధానం రాని పక్షంలో 117 మందినీ వెంటబెట్టుకుని స్వయంగా దర్శనానికి వస్తాను.

ఇట్లు,
గీతకు ఎడమవైపు వారి పక్షాన వకాల్తా పుచ్చుకున్న పాఠకుడు