పది వేలు కడితే తుప్పు వదులుతుందా?

ఇరవై ఏళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్‌ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలకు పెంచింది. 2022 ఏప్రిల్‌కు ముందు 600తో తేలిపోయిన పని ఇది. ఆ తర్వాత 5 వేలయింది, ఇప్పుడు దానికి రెట్టింపు. పాత బండ్లు ప్రమాదకరమట, జనం వాటిని వదిలించుకోవాలట. నిజంగా ప్రమాదకరమే అయితే పది వేలు పుచ్చుకుని మరో ఐదేళ్లు రోడ్డు మీద తిరగనివ్వడం ఏం న్యాయం? ప్రమాదం కానప్పుడు ఈ వడ్డన దేనికి?

పాత ఇంజిన్లు ఎక్కువ పొగ వదులుతాయన్న మాట కాదనలేం. దానికి పొగ పరీక్ష ఉంది. మా అభ్యంతరం తుప్పు గురించి. పుట్టిన సంవత్సరం చూస్తే అది తెలియదు, బండి కింద దూరి చూడాలి.

మారుతి 800, ఆల్టో, శాంత్రో వంటి కార్లకు విడిగా ఛాసిస్‌ (అడుగు చట్రం) ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద పొడవునా సాగే డొల్ల పెట్టె భాగాలు, ముందు చక్రాల పైన సస్పెన్షన్‌ బిగించే బురుజులు, ఇవే వాటి ఎముకలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉప్పుగాలి వీటిని లోపలి నుంచే తింటూ వస్తుంది. డోరు అడుగున నీరు కారే రంధ్రాలు మట్టితో పూడినా, మ్యాట్ల కింద కార్పెట్‌ తడిగా ఉండిపోయినా ఊరు ఏదైనా అంతే. పైన పెయింట్‌ మిలమిలలాడుతూనే ఉంటుంది. అయస్కాంతం అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. స్క్రూడ్రైవర్‌ పిడితో తడితే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లినది చప్పగా పలుకుతుంది. మొన పెట్టి నొక్కితే దిగబడిపోతే ఇక సందేహమే లేదు. జాకీ పెట్టే చోట్లు, వెనక చక్రాల ముందు యాక్సిల్‌ బిగించే బ్రాకెట్లు, సీటు బెల్టు అడుగు బోల్టులు, ఫ్లోరు కింద సాగే బ్రేక్‌ పైపులు తప్పనిసరిగా చూడాలి.

మన ఆర్టీఏ ట్రాకుల మీద ఇందులో ఎన్ని చూస్తున్నారు? ఛాసిస్‌ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. హారన్‌, లైట్లు, నంబర్‌ ప్లేటు చూస్తారు. నంబరు చెక్కిన రేకు సంగతి సరే, దాని పక్క రేకు మిగిలి ఉందో లేదో ఎవరికి పట్టింది? చాలాచోట్ల బ్రేక్‌ ఇన్‌స్పెక్టర్‌ వంగి చూడాలన్నా ర్యాంపు ఉండదు. రుసుము మాత్రం ఆన్‌లైన్‌లో క్షణాల్లో కట్టించుకుంటారు.

బాగు చేయించాలా, తుక్కుకు వేయాలా అన్నది తుప్పు పట్టిన చోటును బట్టి ఉంటుంది. ఫెండర్‌, డోరు అడుగు, ఫ్లోరులో అరచేతి మేర రంధ్రం అయితే నిస్సందేహంగా బాగు చేయించుకోవచ్చు. మెరిసే రేకు తగిలేదాకా కోయాలి, కొత్త ముక్కను సీవోటూ వెల్డింగ్‌తో చిన్న చిన్న కుట్లుగా అతకాలి. మంటతో చేసే గ్యాస్‌ వెల్డింగ్‌ వేడికి పల్చటి రేకు వంకర్లు తిరుగుతుంది. ఆపైన జింక్‌ ప్రైమర్‌, అతుకుల మీద సీలెంట్‌, డొల్లల్లోకి మైనపు స్ప్రే. తుప్పును గీకకుండా నల్లటి అండర్‌కోటింగ్‌ కొట్టించడం తేమను లోపలే బంధించడం. రంధ్రం మీద ఫైబర్‌ మ్యాట్‌, దాని మీద పుట్టీ వేసే షెడ్డుకు దండం పెట్టి వచ్చేయండి. తలుపుల కింది పెట్టె భాగం కోసేటప్పుడు ద్వారానికి అడ్డంగా ఊతం వేయకపోతే బాడీ కుంగి తలుపు మళ్లీ మూసుకోదు. ఆ సంగతి తెలియని మేస్త్రీకి బండి ఇవ్వకూడదు.

రెండు పక్కలా ఆ పెట్టెలు పోయినా, సస్పెన్షన్‌ బురుజు చిట్లినా, యాక్సిల్‌ బ్రాకెట్‌ ఊడే స్థితికి వచ్చినా ఇంజిన్‌ ఎంత బాగున్నా ఆ కారు అయిపోయినట్టే. వీధి చివర తుక్కు దుకాణానికి అమ్మితే ఆర్సీ మీ పేరనే బతికి ఉంటుంది, రేపటి చలాన్లూ కేసులూ మీకే. రిజిస్టర్డ్‌ స్క్రాపింగ్‌ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్‌ ఆఫ్‌ డిపాజిట్‌ (బండి అప్పగించినట్టు పత్రం) తీసుకుంటే కొత్త కారు పన్నులో 25 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి.

బాగయ్యే బండికీ అయిపోయిన బండికీ ఉన్న ఈ తేడా సర్కారుకు అక్కర్లేదు. 2023 ఏప్రిల్‌ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్‌ లేదు, ఎముక గట్టిగా ఉన్నా తుక్కే. ప్రైవేటు కారు అడుగు ఊడిపోతున్నా డబ్బు కడితే ఐదేళ్లు. రెండు చోట్లా క్యాలెండరే తీర్పరి! ఈరోజు ఇరవై ఏళ్లకు పది వేలన్న వారు రేపు పదిహేనేళ్లకూ అదే అనరన్న హామీ ఏదీ? ఢిల్లీలో 2025 జులై 1న బండి వయసు చూసి పెట్రోలు ఆపబోయి, వారం తిరక్కుండా వెనక్కి తగ్గిన అనుభవం కూడా వీరికి చాల్లేదు.

ముందు ప్రతి ట్రాకులో ఒక ర్యాంపు కట్టండి. ఒక సుత్తి, ఒక టార్చి కొనండి. బండి కింద ఏం చూశారో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. కుళ్లినది ఎంత కడతామన్నా ఆపండి, గట్టిగా ఉన్నది పాత రుసుముకే వదలండి. అదేమీ చేయకుండా పది వేలు అడిగే హక్కు మీకెవరిచ్చారు?