జాక్‌కి ఎంతిచ్చారు?

అమ్మానాన్నలు న్యూజెర్సీలో ఎడిసన్‌కి, మా ఇంటికి వచ్చి రెండు నెలలు. మావాడి కామిక్స్ చదివీ చదివీ నాన్నకి జాక్ కిర్బీ పిచ్చి పట్టింది. మొన్న ఫోన్లో బాబాయితో "జాక్ లెక్కలో పదివేల పైనేరా, తిరిగొచ్చింది రెండువేలు, అంతే" అంటుంటే అమ్మ విన్నది. ఇహ చూస్కోండి.

అమ్మ: ఎవరండీ ఈ జాక్? డాలర్లా రూపాయలా? ముందది చెప్పండి, దాన్ని బట్టి ఏడుస్తా.

నాన్న: ఓసి నీ... ఆయన 1994లోనే పోయాడే!

అమ్మ: అయ్యో, బాకీ తీర్చకుండానేనా!

నాన్న: డబ్బులు కావే, బొమ్మలు! కామిక్స్‌లో కెప్టెన్ అమెరికా అనే హీరోని గీసినాయన. అసలు పేరు జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్, 1917లో ఇక్కడే న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో పుట్టాడు, వాళ్ళ నాన్న బట్టల ఫ్యాక్టరీలో...

అమ్మ: పేరు మార్చుకున్నాడా! ఇంకేం దొరుకుతాడు.

నాన్న: ఒకటా, మొదట్లో కర్ట్ డేవిస్ అనీ టెడ్ గ్రే అనీ కూడా పెట్టుకునేవాడు.

అమ్మ: ఇన్ని పేర్లున్నవాడికి అప్పిచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా.

నాన్న: అప్పు లేదు మొర్రో! జో సైమన్ అని ఇంకో కామిక్స్ ఆయనా, ఈయనా కలిసి 1941లో కెప్టెన్ అమెరికా మొదటి పుస్తకం అట్టమీదే హిట్లర్ దవడ పగలగొట్టించారు, అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలా, తర్వాత ఈయన్నే సైన్యంలోకి లాక్కెళ్ళి 1944లో ఫ్రాన్స్ పంపితే ఆ చలికి కాళ్ళు దెబ్బతిని తీసేయాల్సొస్తుందేమో అన్నంతదాకా వచ్చింది.

అమ్మ: పాపం. మీరూ అంతేగా, నిన్న మంచులో హవాయి చెప్పుల్తో చెత్త పడేయటానికెళ్ళారు. ఆ సాక్సులు తొడుక్కోండి ముందు.

(నాన్న తొడుక్కుంటూనే ఉన్నారు, నోరు మాత్రం ఆగలేదు.)

నాన్న: 1961 నించి మార్వెల్ అనే కామిక్స్ కంపెనీకి, కథలు రాసే స్టాన్ లీతో కలిసి ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్, ఎక్స్ మెన్... అన్నీ గీసి గీసి, 1970లో ఆ మార్వెల్ మీద అలిగి పోటీ కంపెనీ డీసీకెళ్ళిపోయాడు, మళ్ళీ 1975లో వెనక్కొచ్చాడు.

అమ్మ: అలిగి అయిదేళ్ళా! మీరైతే టిఫిన్ టైముకి వచ్చేస్తారు. సరే, పదివేల సంగతి తేల్చండి.

నాన్న: పేజీలే తల్లీ! మార్వెల్‌కి గీసిన ఒరిజినల్ పేజీలు. పదివేల పైమాటే ఉంటాయి, 1987లో వెనక్కిచ్చింది రెండువేలకి అటూ ఇటూ.

అమ్మ: మిగతా ఎనిమిదివేలు?

నాన్న: రాలా.

అమ్మ: కాగితం రాయించుకోలేదా?

నాన్న: చెక్కు వెనకాల వాళ్ళే రాసేవాళ్ళు, సంతకం పెడితేనే డబ్బు, పెడితే హక్కులు వాళ్ళవి. తర్వాత బొమ్మలివ్వండయ్యా అంటే మిగతా ఆర్టిస్టులకి ఒక్క పేజీ కాగితం ఇచ్చి ఈయనకి నాలుగు పేజీలది చేతిలో పెట్టారు.

అమ్మ: అచ్చం మీరే. కాగితం వెనక్కి తిప్పి చూసే అలవాటే లేదు. మీ తమ్ముడికి షూరిటీ పెట్టిన రోజు...

నాన్న: అదిప్పుడెందుకే!

అమ్మ: పెళ్ళాం లేదా ఈయనకి?

నాన్న: ఎందుకు లేదూ, రోజ్. కారు ఆవిడే నడిపేది, ఈయన స్టీరింగ్ పడితే కథల్లో పడి రోడ్డు మర్చిపోతాడని. కొన్ని బొమ్మలకి ఇంకు కూడా ఆవిడే వేసింది.

అమ్మ: చూశారా, ఆ రెండువేలైనా ఆవిడ వల్లే వచ్చుంటాయి.

నాన్న: నీకెలా తెలుసు?

అమ్మ: నలభై రెండేళ్ళ సర్వీసు. పోనీ పిల్లలకైనా ఏమన్నా ముట్టిందా?

నాన్న: కోర్టుల చుట్టూ తిరిగి 2014లో మార్వెల్‌తో రాజీ పడ్డారు. ఎంతకో బయటికి చెప్పలా.

అమ్మ: చెప్పలేదంటే బాగానే ముట్టిందన్నమాట. పోన్లెండి, రోజ్ పిల్లలు బాగుంటే చాలు.

కాఫీ చల్లారిపోయిందని గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది, పొయ్యి వెలిగించినట్టే ఉంది, మళ్ళీ గుమ్మంలోంచి తల బయట పెట్టింది.

అమ్మ: ఆ ఫోనిలా ఇవ్వండి. ఒక్కసారి బ్యాలెన్స్ చూసి ఇచ్చేస్తా.